స్పోర్ట్స్ కార్ల కంపెనీ పెట్టాలనుకునేవారికి: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

స్పోర్ట్స్ కార్ల కంపెనీ పెట్టాలని కలగనేవారు సాధారణంగా ముందు కారు బొమ్మ గీస్తారు, ఆ తరువాత ఇంజన్‌కు ఎన్ని హార్స్‌పవర్లు ఉండాలో నిర్ణయిస్తారు, ఆ పైన పేరు, చిహ్నం ఆలోచిస్తారు, డబ్బు లెక్కను మాత్రం చివరికి వదిలేస్తారు. ఈ రంగంలో నిలబడిన కంపెనీల చరిత్రనూ, మూతబడిన కంపెనీల చరిత్రనూ పక్కపక్కన పెట్టుకుని చదివినవారికి ఈ వరుస తలకిందులుగా ఉందని తెలిసిపోతుంది. కారు ఎంత అందంగా ఉంది, ఎంత వేగంగా పోతుంది అన్న విషయాలకంటే, కారు అమ్ముడుపోని సంవత్సరాల్లో ఆ షెడ్డులో పనిచేసేవారికి జీతాలు ఎక్కడి నుంచి వచ్చాయన్న విషయమే ఎక్కువ కంపెనీల తలరాతను నిర్ణయించింది. అందువల్ల ఇక్కడ దారులను రెండు ప్రశ్నలతో పోల్చి చూస్తున్నాను. మొదటిది, కారులో ఏ భాగాన్ని మీరే తయారు చేస్తారు, ఏ భాగాన్ని బయట కొంటారు? రెండవది, కారు మీద రాబడి మొదలయ్యేదాకా మిమ్మల్ని పోషించే పని ఏది?

అందరికీ ముందుగా గుర్తుకు వచ్చే దారి పందాల దారి. ఎంజో ఫెరారీ 1929లో మోడెనాలో స్కుదేరియా ఫెరారీ అనే పందాల జట్టును స్థాపించి, ఆల్ఫా రోమియో కార్లను నడిపించి, ఆ కంపెనీ నుంచి 1939లో బయటికి వచ్చి, 1947లో మరనెల్లోలో 125 ఎస్ అనే తన పేరుగల తొలి కారును తయారు చేయించారు. ఒకటిన్నర లీటర్ల చిన్న ఇంజన్‌లో పన్నెండు సిలిండర్లు ఉండాలన్న పట్టుదల ఆయనది, దానిని రూపొందించిన చెయ్యి జోకినో కొలంబోది. రెండేళ్లు తిరగకముందే, అంటే 1949లో, ఫెరారీ కారు ల మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. ఆ గెలుపు విలువ ఏ ప్రకటనకూ రాదు, అందులో సందేహం లేదు. అయితే ఈ కథ చదివి ఉత్సాహపడేవారు గమనించవలసినది, ఆ తొలి కారుకు ముందు ఆయనకు దాదాపు మూడు దశాబ్దాల పందాల అనుభవం, అందులో సంపాదించిన మనుషులు, పరిచయాలు ఉన్నాయి. రోడ్డు మీది కార్లను ఆయన ప్రధానంగా పందాల ఖర్చు కోసమే అమ్మారు, ఆ ఖర్చు ఎంత అమ్మినా తీరేది కాదు కాబట్టి 1969లో కంపెనీలో సగం వాటాను ఫియట్‌కు ఇవ్వవలసి వచ్చింది. మెక్‌లారెన్ ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1963లో పుట్టిన ఆ జట్టు 1992లో గాని రోడ్డు కారును ప్రపంచానికి చూపలేదు, అదీ మొత్తం 106 కార్లతో ముగిసింది. ఏటా కార్లు తయారు చేసి అమ్మే నిలకడైన వ్యాపారంగా అది స్థిరపడింది 2011 తరువాతే. మీరు ఇప్పటికే ఒక పందాల జట్టును జీతాలు ఆపకుండా నడుపుతున్నవారైతే తప్ప, ఈ దారిలో మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను.

రెండవది ధనవంతుల దారి. ఫెరుచ్చో లంబోర్గినీ 1948 నుంచి ట్రాక్టర్లు తయారు చేసి సంపాదించిన డబ్బుతో 1963లో సాంత్ అగాతా బొలోన్యేసేలో కార్ల ఫ్యాక్టరీ కట్టించారు. తనకు ఇంజన్ గీయడం రాకపోయినా, అది వచ్చినవారిని పిలిపించుకోగలిగారు. ఇంజన్ జోత్తో బిజ్జరీనీ, ఛాసిస్ పని జాన్ పావ్లో దల్లారా చూసుకున్నారు. ఆ ఏడాది టూరిన్ ప్రదర్శనకు తెచ్చిన తొలి నమూనాలో ఇంజన్ పట్టలేదు, బానెట్ ఎవరూ తెరవకుండా కాపాడుకుంటూ ప్రదర్శన ముగించారు. ఒక్క ఏడాదిలోనే 350 జీటీ అమ్మకానికి వచ్చింది, 1966లో మియురా వచ్చింది. డబ్బుకు వెనకాడని యజమాని, చురుకైన ఇంజినీర్లు కలిస్తే పని ఎంత వేగంగా సాగుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అయితే ఆ కార్ల కంపెనీకి అన్నం పెట్టింది ట్రాక్టర్లే కాబట్టి, 1970 దశకం మొదట్లో విదేశీ ఆర్డరు ఒకటి రద్దయి ట్రాక్టర్ల వ్యాపారం దెబ్బ తినగానే కార్లూ చేయి జారాయి. 1972లో ఆయన కార్ల కంపెనీలో 51 శాతం వాటా అమ్మేశారు, రెండేళ్లకు మిగిలినదీ అమ్మేశారు, కంపెనీ 1978లో దివాలా తీసింది. నేడు మనం చూస్తున్న నిలకడ 1998లో ఆడి కంపెనీ కొన్న తరువాత వచ్చినది. మీకు వేరే వ్యాపారం ఉండి, దాని లాభం కార్ల మీద పెట్టదలచుకుంటే, ఆ వ్యాపారం ఒడిదుడుకులు ఎన్ని సంవత్సరాలకొకసారి వస్తాయో ముందు చూసుకోండి, ఎందుకంటే ఆ దెబ్బ కార్ల షెడ్డుకు రెట్టింపై తగులుతుంది.

ఇక నేను ఎక్కువ సేపు ఆగదలచుకున్న దారి, ఇతరుల భాగాలతో మొదలుపెట్టే దారి. దీనికి మొదటి పాఠం ఆస్ట్రియాలోని గ్మ్యుంట్ అనే చిన్న ఊరిలో దొరుకుతుంది. యుద్ధం తరువాత ఫెర్రీ పోర్షే అక్కడ ఒక పాత రంపపు మిల్లు షెడ్లలో, ఫోక్స్‌వాగన్ ఇంజన్, సస్పెన్షన్, బ్రేకులు తీసుకుని 1948లో 356 కారును తయారు చేశారు. తొలి కారు ఇంజన్ శక్తి 35 హార్స్‌పవర్ మాత్రమే. ఆ షెడ్డులో యంత్రాలు తక్కువ కాబట్టి, కారు ఆకారంలో కట్టిన చెక్క దిమ్మ మీద అల్యూమినియం రేకును పరచి, సుత్తితో కొట్టి, తీసి చూసి, మళ్లీ కొట్టి, వంపు కుదిరేదాకా అదే పని చేసేవారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే మేస్త్రి రేకును అరచేత్తో తడిమి ఎత్తుపల్లాలు పసిగట్టడం చూసినవారికి ఆ పని ఎలా జరిగి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. అలా గ్మ్యుంట్‌లో తయారైనవి సుమారు యాభై కార్లు. తరువాత పోర్షే స్టుట్‌గార్ట్‌కు తిరిగి వెళ్లి, బాడీల పనిని రాయిటర్ అనే సంస్థకు అప్పగించి, స్టీలు రేకుతో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1965లో 356 ఉత్పత్తి ముగిసేసరికి 76,000కు పైగా కార్లు బయటికి వెళ్లాయి.

ఈ కథలో చాలామంది వదిలేసే పేజీ ఒకటుంది. 1948లోనే పోర్షే, ఫోక్స్‌వాగన్‌ల మధ్య ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఫోక్స్‌వాగన్ తయారు చేసే ప్రతి బీటిల్ కారు మీద పోర్షేకు కొంత రాయల్టీ వస్తుంది, భాగాలు సరఫరా అవుతాయి, అమ్మకాలకు ఫోక్స్‌వాగన్ డీలర్ల యంత్రాంగం తోడుంటుంది. అంటే కార్లు కొన్ని మాత్రమే అమ్ముడైన ఆ తొలి ఏళ్లలో, తాను తయారు చేయని లక్షల కార్లు పోర్షేను పోషించాయి. దానికి తోడు 1931 నుంచే నడుస్తున్న డిజైన్ కార్యాలయం ఉండనే ఉంది. కొండ ఊరి షెడ్డు అనగానే మనసు కరిగిపోతుంది గాని, నాకు ఎక్కువ గౌరవం ఆ ఒప్పందం మీదే.

ఇదే దారిలో ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ నడిచారు. ఆస్టిన్ సెవెన్ అనే పాత చిన్న కారు మీద 1948లో తొలి కారు కట్టి, 1952లో లోటస్ స్థాపించారు. నాటి బ్రిటన్‌లో పూర్తి కారు కొంటే కొనుగోలు పన్ను పడేది, విడిభాగాల కిట్‌గా కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఆ వెసులుబాటు మీదే ఎక్కువగా అమ్ముడైంది. అంటే చివరి బిగింపు కూలి కొనుగోలుదారు చేతిమీదుగా పోయింది, కంపెనీకి పెద్ద ఫ్యాక్టరీ అవసరం పడలేదు. అదే ఏడాది వచ్చిన ఎలీట్ మాత్రం పాఠం రెండో వైపు చూపింది. కారు మొత్తం బరువు మోసే శరీరాన్ని ఫైబర్‌గ్లాస్‌తోనే తయారు చేయాలన్న సాహసం ఇంజినీరింగ్‌లో గొప్పదే అయినా, తయారీ ఖర్చు కంపెనీకి మోయలేని భారమైంది. 1962లో ఎలాన్ కారుకు ఫైబర్‌గ్లాస్ బాడీ కింద మడత రేకుతో చేసిన వెన్నెముక లాంటి స్టీలు ఛాసిస్ పెట్టి, ఫోర్డు ఇంజన్ ఆధారంగా చేసిన ఇంజన్ బిగించడంతో గాని లోటస్ నిలదొక్కుకోలేదు. ఆ తరువాత కూడా కష్టకాలాల్లో లోటస్‌ను ఆదుకున్నది, సస్పెన్షన్ సర్దడంలోనూ ఇంజన్ పనిలోనూ ఇతర కంపెనీలకు చేసిపెట్టిన సలహా పని.

కొనవలసినది కొని, చేయవలసిన ఒక్క భాగాన్ని ఎలా ఎంచుకోవాలో చూడాలంటే 1996లో వచ్చిన లోటస్ ఎలీస్ ఛాసిస్‌ను దగ్గరగా చూడాలి. అచ్చులోంచి కడ్డీల్లా తీసిన అల్యూమినియం ముక్కలను కోసి, అతుకుపెట్టే చోట ఎపాక్సీ జిగురు పూసి, జిగురు గట్టిపడేలా ఓవెన్‌లో వేడి చేసి, అతుకు అంచున పైకి లేవకుండా అక్కడక్కడ మరలు బిగిస్తారు. వెల్డింగ్ లేదు కాబట్టి వేడికి వంకరపోయే బెడద లేదు, మందం తగ్గించుకోవచ్చు. పూర్తయిన ఛాసిస్ బరువు 68 కిలోలు, ఇద్దరు మనుషులు చెరో పక్కన పట్టుకుని మోసుకుపోగలరు. ఇంజన్ మాత్రం రోవర్ దగ్గర కొన్నదే. తేలికదనమే ఆ కారు ఆకర్షణ కాబట్టి తేలికదనాన్నిచ్చే భాగాన్ని తామే చేసుకున్నారు, మిగిలినది కొన్నారు. మీ కారును జనం ఎందుకు కొనాలో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, ఆ వాక్యంలో ఉన్న భాగాన్నే మీరు తయారు చేయాలి.

ఈ దారిలో ఇప్పటికీ బతికి ఉన్న చిన్న ఉదాహరణ ఇంగ్లండులోని ఏరియల్. 1990 దశకంలో కోవెంట్రీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి ప్రాజెక్టుగా మొదలైన ఆలోచన ఏరియల్ ఆటమ్ కారైంది. దానికి తలుపులు లేవు, పైకప్పు లేదు, బాడీ రేకులు దాదాపు లేవు, బయటికి కనిపించే ఇనుప గొట్టాల చట్రమే దాని రూపం. తొలి కార్లలో రోవర్ ఇంజన్, తరువాతి వాటిలో హోండా ఇంజన్ వాడారు. తలుపు అచ్చు, కిటికీ అద్దం పైకీ కిందికీ పోయే యంత్రాంగం, వాన నీరు చొరబడకుండా రబ్బరు, వీటి మీద పెద్ద కంపెనీలు ఖర్చు చేసే కోట్లు ఇక్కడ అవసరమే పడలేదు. ఏ ఖర్చును తగ్గించాలా అని తల బద్దలు కొట్టుకోకుండా, ఆ ఖర్చు పుట్టే భాగాన్నే కారులోంచి తీసేసిన తెలివి అది.

అయితే ఇతరుల భాగాలు వాడితే పని సులువు అని మాత్రం అనుకోకూడదు. 2008లో వచ్చిన టెస్లా రోడ్‌స్టర్‌ను లోటస్ ఎలీస్ ఆధారంగా త్వరగా, చవకగా చేయవచ్చని మొదట అంచనా వేశారు. 6,831 సెల్స్ ఉన్న బ్యాటరీ ప్యాక్ పెట్టేసరికి బరువు పెరిగింది, బరువు పెరిగేసరికి ఛాసిస్ మార్చవలసి వచ్చింది, తరువాత బాడీ, రెండు గేర్ల గేర్‌బాక్స్ పగిలిపోతుండటంతో ఆఖరికి అదీ మార్చారు. చివరికి ఎలీస్‌తో ఉమ్మడిగా మిగిలిన భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. పరాయివారి ఛాసిస్‌ను దాని అసలు బరువుకు, అసలు ఇంజన్ స్థానానికి దగ్గరగా వాడుకుంటేనే లాభం.

నాలుగవ దారి, ఏడాదికి కొద్ది కార్లు మాత్రమే, అతి ఎక్కువ ధరకు, చేతిపనితో చేయడం. అర్జెంటీనా నుంచి 1983లో ఇటలీ చేరిన ఒరాసియో పగానీ లంబోర్గినీలో కార్బన్ ఫైబర్ పని చేశారు. ఆ పదార్థాన్ని ఒత్తిడితో ఉడికించే ఆటోక్లేవ్ కొనడానికి యాజమాన్యం ఒప్పుకోకపోతే తానే అప్పు చేసి కొన్నారు. 1991లో మోడెనా డిజైన్ అనే సంస్థ పెట్టి, ఇతరులకు కార్బన్ ఫైబర్ భాగాలు చేసిచ్చి బతికారు. జోండా 1999లో గాని జెనీవా ప్రదర్శనకు రాలేదు. దాని పన్నెండు సిలిండర్ల ఇంజన్ మెర్సిడెస్‌ది, ఆ తలుపు తెరిపించినది ఆయన దేశస్థుడైన పందాల వీరుడు హువాన్ మాన్యుయేల్ ఫాంజియో పరిచయం. స్వీడన్‌లో క్రిస్టియన్ వాన్ కోనిగ్‌సెగ్ 22 ఏళ్ల వయసులో 1994లో మొదలుపెట్టి, తొలి కారును 2002లో కొనుగోలుదారుకు అందించారు, మరుసటి ఏడాది ఫ్యాక్టరీ అగ్నిప్రమాదానికి గురైతే పాత వైమానిక స్థావరంలోకి మారారు. ఇద్దరికీ మొదలుకూ తొలి కారుకూ మధ్య ఎనిమిదేళ్లు పట్టింది. ఈ దారిలో లాభం ఎక్కువ, అమ్మవలసిన కార్లు తక్కువ, కొనేవారు ముందుగా అడ్వాన్సు ఇస్తారు. కాని కోట్లు పెట్టేవారు అతుకుల దగ్గర కార్బన్ ఫైబర్ నేత గీత గీతకు కలిసిందా అని భూతద్దం పెట్టి చూస్తారు. చేతిలో ఆ స్థాయి పనితనం ఇప్పటికే లేనివారు ధరను మాత్రం ఆ స్థాయిలో పెడితే కొనేవారు ఉండరు.

ఐదవ దారి నేటి కాలానికి చెందినది, నా దృష్టిలో మన ఇంజినీర్లకు అన్నిటికంటే దగ్గరైనది. క్రొయేషియాలో మాటే రిమాచ్ తన పాత బీఎండబ్ల్యూ ఇంజన్ పందెంలో పేలిపోతే దానిని విద్యుత్ కారుగా మార్చారు, 2009లో కంపెనీ పెట్టారు, 2011లో కాన్సెప్ట్ వన్ కారును ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపారు. కార్ల పరిశ్రమ లేని దేశంలో, ఎనిమిది మాత్రమే తయారైన ఆ కారుతో కంపెనీ బతికేది కాదు. ఆయన బ్యాటరీ ప్యాకులు, మోటార్లు, వాటిని నియంత్రించే ఎలక్ట్రానిక్స్ ఇతర కార్ల కంపెనీలకు తయారు చేసి అమ్మారు. కోనిగ్‌సెగ్ రెగేరాలో, ఆస్టన్ మార్టిన్ వాల్కిరీలో రిమాచ్ బ్యాటరీలున్నాయి. మహీంద్రా సంస్థకు చెందిన ఆటోమొబిలీ పినిన్‌ఫరీనా తయారు చేసిన బతిస్తా కారు నడిచేది కూడా రిమాచ్ సాంకేతికతతోనే. పోర్షే 2018లో వాటా కొన్నది, 2021లో బుగాట్టి రిమాచ్ సంస్థ ఏర్పడింది. ఇక్కడ కారు ఒక నమూనా పెట్టెలా పనిచేసింది. దానిని చూసి పెద్ద కంపెనీలు పని ఇచ్చాయి, ఆ పని డబ్బుతో తరువాతి కారు తయారైంది.

పూర్తిగా ఇతరుల డబ్బుతో, ఒక్కసారిగా పెద్ద ఫ్యాక్టరీ కట్టే దారి కూడా ఉంది గాని, దాని గురించి ఎక్కువ చెప్పవలసిన అవసరం లేదు. జాన్ డిలోరియన్ బ్రిటిష్ ప్రభుత్వ నిధులతో బెల్‌ఫాస్ట్ దగ్గర డన్‌మరీలో ఫ్యాక్టరీ కట్టించి, 1981లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1982 ముగిసేలోపు సుమారు 9,000 కార్లతో మూసుకోవలసి వచ్చింది. అమ్మకాలు తగ్గిన నెలల్లో ఆదుకోవడానికి వేరే రాబడి లేదు, పని చేసే వేలమందికి ప్రతి నెలా జీతం ఇవ్వవలసి ఉంది.

భారతదేశంలో ఈ దారుల్లో కొన్ని చట్టం దగ్గరే ఆగిపోతాయని మన పాఠకులు గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో ఒంటరి వాహనానికి విడిగా అనుమతి ఇచ్చే పద్ధతి ఉంది, కిట్ కార్లు, ఏరియల్ లాంటి కార్లు పెరిగింది ఆ నేల మీదే. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనాన్ని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని కట్టడి చేస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దానిని గట్టిగా చెప్పింది. అమ్మకానికి పెట్టే కొత్త మోడల్‌కు పూణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి వాహన పరీక్షా సంస్థల దగ్గర టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్ నిబంధనలకు సరిపోతుందన్న ధ్రువీకరణ, తీసుకోవాలి. గంటకు 56 కిలోమీటర్ల వేగంతో ముందు భాగాన్ని ఒక పక్కగా ఢీకొట్టే పరీక్ష, పక్క నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టే పరీక్ష ఉంటాయి, అంటే మీరు నెలల తరబడి చేతితో చేసిన కార్లలో కొన్నిటిని తుక్కు చేయడానికే ఇవ్వాలి. వేగ పరీక్షలకు ఇండోర్ దగ్గరి నాట్రాక్స్‌లో 11.3 కిలోమీటర్ల ట్రాక్ అందుబాటులో ఉంది. కాబట్టి ఇక్కడ మొదలుపెట్టేవారికి రోడ్డు మీదికి వెళ్లే కారుకంటే, ట్రాక్ మీద మాత్రమే నడిచే కారు, లేదా ఇతరులకు భాగాలు చేసిచ్చే పని తొలి మెట్టుగా మేలు.

ఇక ఎంపిక విషయానికి వస్తే, ఇంజినీరింగ్ చదువుతూ కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్ లాంటి పోటీలకు కారు కట్టిన విద్యార్థులు నలుగురు కలిసి మొదలుపెట్టదలిస్తే, రిమాచ్ దారిని ఎంచుకోవాలి. బ్యాటరీ చల్లబరిచే పద్ధతో, మోటారు కంట్రోలరో, సస్పెన్షన్ లెక్కో, మీకు అందరికంటే బాగా వచ్చిన ఒక్క పని అమ్మి, ఆ ఆదాయంతో ఒక కారును నెమ్మదిగా కట్టండి. బాడీ పనిలో, ఫైబర్ పనిలో చేయి తిరిగినవారు పగానీ తొలి అంకాన్ని, అంటే ఇతరుల కోసం భాగాలు చేసే అంకాన్ని పట్టుకోవాలి, కారు దానంతట అదే తరువాత వస్తుంది. కుటుంబ వ్యాపారం ఉన్నవారు లంబోర్గినీలా అన్నీ తామే చేయకుండా, కొన్న ఇంజన్‌తో, లోటస్ తరహాలో, తేలికైన కారు చేయడం క్షేమం. ఇంగ్లండులోనో జర్మనీలోనో ఇదే పరిశ్రమలో పనిచేస్తున్న తెలుగు ఇంజినీర్లకు, అక్కడే ఉండి చిన్న షెడ్డులో ఏరియల్ దారిలో వెళ్లే అవకాశం ఉంది, ఎందుకంటే సరఫరాదారులు, ట్రాక్‌లు, ఒంటరి వాహనానికి అనుమతి, మూడూ ఒకే చోట దొరుకుతాయి.

ఏ దారి ఎంచుకున్నా, బొమ్మ గీయకముందు ఇంజన్ లేదా మోటారు సరఫరా ఒప్పందం చేతికి రావాలి. కోనిగ్‌సెగ్ ముందుగా ఆడి ఇంజన్‌తో కారు చేయాలనుకున్నారు, ఆ ఒప్పందం కుదరక వేరే ఇంజన్ల వెంట తిరిగి చివరికి ఫోర్డు ఆధారంగా చేసిన ఇంజన్‌కు వచ్చారు, ప్రతిసారీ కారు వెనుక భాగం కొత్తగా ఆలోచించవలసి వచ్చింది. లోటస్ అయితే రోవర్ మూతబడకముందే టొయోటా ఇంజన్‌కు మారి ఉండటం వల్ల 2005లో నష్టం తప్పించుకుంది. ఏడాదికి యాభై ఇంజన్లు కొనే చిన్నవాడికి పెద్ద కంపెనీ కొనుగోలు విభాగం వెంటనే జవాబు ఇవ్వదు. అందువల్ల ధర, కనీస సంఖ్య, కంట్రోల్ యూనిట్ సాఫ్ట్‌వేర్ మార్చుకునే హక్కు, విడిభాగాలు ఎన్నేళ్లు ఇస్తారన్న హామీ, ఈ నాలుగూ రాతపూర్వకంగా ఉన్న కాగితం చేతికి వచ్చిన తరువాతే షెడ్డు అద్దెకు తీసుకోండి.